నోరు తెరిచి చెప్పు

కర్దనూర్‌లో చర్చి పక్కన ఉన్న గదిలో డెబోరా టీచర్ సాయంత్రాలు పిల్లలకు ఫోనిక్స్ చెబుతుంది. శబ్దం సరిగ్గా పలికితే స్పెల్లింగ్ దానంతటదే వస్తుందని ఆమె నమ్మకం. 'బీ' అని అక్షరం పేరు చెప్పారంటే ఆమెకు మండిపోతుంది.

"పేరొద్దు, సప్పుడు చెప్పు! నోరు తెర్వు!" అని కసురుతుంది. అయినా పిల్లలు నోట్లోనే గొణుగుతారు.

తనుశ్రీ మాత్రం ప్రతి శబ్దానికీ పెదాలు సాగదీసి, నాలుక కనిపించేలా పలుకుతుంది. తనను వెక్కిరిస్తోందనుకుని టీచర్ ఒకరోజు ఆ పిల్లను గోడ దగ్గర నిలబెట్టింది.

క్లాసు అయ్యాక కూతురిని తీసుకెళ్లడానికి శ్రీశైలం వచ్చాడు. అతను పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ మీద పనిచేస్తాడు.

"మీ బిడ్డ నన్ను ఎక్కిరిస్తున్నది," అంది డెబోరా, బోర్డు తుడుస్తూనే.

"జెర ఇటు మర్లి చెప్పుండ్రి మేడం. మిషన్ల మోతకు చెవులు పోయినయి. నోరు సూస్తెనే సమజైతది," అన్నాడు శ్రీశైలం.

తనుశ్రీ గోడ దగ్గర్నుంచే, గొంతు బయటికి రాకుండా, తండ్రికేసి పెదాలు కదిపింది. అతను చూసి తల ఊపాడు.

"ఎక్కిరిస్తలేదట మేడం. ఇంట్ల నాతోని గిట్లనే మాట్లాడుతది."

డెబోరా డస్టర్ పక్కన పెట్టింది. అతని వైపు తిరిగి, నోరు బాగా తెరిచి, ఒక్కో శబ్దాన్నీ విడదీసి, "మీ బిడ్డ మంచిగ సదువుతది" అంది.

అచ్చం వెక్కిరిస్తున్నట్టే ఉంది.