రెండో తుమ్ము

మలేషియాలో, బంటింగ్ అనే ఊళ్లోని మా ఇంట్లో గడప దాటాలంటే తుమ్ము అనుమతి ఉండాలి. బయల్దేరేటప్పుడు ఎవరైనా ఒక్కసారి తుమ్మితే, అమ్మమ్మ సరేననేదాకా కూర్చోవాలి. రెండుసార్లు తుమ్మితే నిక్షేపంగా వెళ్లొచ్చు. ఈ చట్టం అమ్మమ్మదే, తీర్పూ అమ్మమ్మదే.

నేను కాలేజీలో సైకాలజీ మొదటి సంవత్సరం. ఆ పొద్దున క్లాసులో నా ప్రసంగం. మనం నమ్మినవన్నీ నిజమని మనకెందుకు అనిపిస్తాయన్నది విషయం. ఆలస్యమైతే మార్కులు గోవిందా. కాలేజీ ఉన్న క్లాంగ్ ఊరికి వెళ్లే బస్సు తప్పిపోతే తర్వాతది ఎప్పుడొస్తుందో దాని డ్రైవరుకే తెలియదు. చెప్పులేసుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే అమ్మమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, ఇల్లదిరేలా తుమ్మింది.

ఒక్కసారే.

"కూకో," అంది.

"బస్సు పోతాది లా, అమ్మమ్మా! తుమ్ముకీ బస్సుకీ ఏటి సంబంధం? ఆధారం ఏది?" అన్నాను. మాట చివర 'లా' తగిలించడం ఇక్కడ మలేషియాలో అందరికీ అలవాటే.

"మీ తాతియ్య తుమ్మినా ఆగకుండా ఎల్లినాడు. మోటారుసైకిలు మీంచి పడి కాలిరగ్గొట్టుకున్నాడు. సాలదా?"

"తుమ్మినా ఎల్లి, పడకుండా వచ్చిన రోజులు లేవా?"

"ఉంటాయి. పడకపోతే ఎవలు గురుతెట్టుకుంటారే?"

నోరెళ్లబెట్టాను. వారం రోజులుగా కుస్తీ పట్టి తయారుచేసిన నా ప్రసంగం మొత్తం అదే! తగిలినవి గుర్తుంచుకుంటాం, తప్పినవి మర్చిపోతాం. అమ్మమ్మ దాన్ని ఒక్క ముక్కలో తేల్చేసి, అయినా నన్ను కదలనివ్వలేదు.

ఒళ్లు మండిపోయింది. కూర్చున్నాను. ఇక బస్సు దొరకదనుకునేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మమ్మ నా వంక చూసింది, గోడ గడియారం వంక చూసింది.

"హాచ్!" అంది. "అదిగో, రెండయిపోనాయి. ఎల్లు లా, ఎల్లు!"

పరిగెత్తాను. బస్సు దొరికింది. క్లాసులో నా కాగితాలు పక్కన పెట్టేసి తాతయ్య మోటారుసైకిలు కథే చెప్పాను. అందరూ పడీ పడీ నవ్వారు, లెక్చరర్‌తో సహా.

సాయంత్రం ఆ మాట చెప్పగానే అమ్మమ్మ తలెగరేసింది. "సూసినావా? రెండో తుమ్ము వచ్చింది కాబట్టే!"

ఎదురు చెప్పడానికి నా దగ్గర గట్టి ఆధారమే ఉంది. ఆ రెండో తుమ్ముకి అమ్మమ్మ కళ్లు మూసుకోలేదు. అవి గడియారం మీదే ఉన్నాయి. తుమ్మంటే అంత భయపడే మనిషి, నా కోసం తుమ్మునే మోసం చేసింది. ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను.

"అవునమ్మమ్మా," అన్నాను. "ఆ తుమ్ము వల్లే."