ఆ చెంప మీది మచ్చ

ఒక మొహాన్ని ఏళ్ళ తరబడి మోస్తున్నాను. నేను చెరిపేసిన మొహం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. జాలి పడమని కాదు. అసలు నాకు ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీదో మీరే చూద్దురు గాని.

తెనాలిలో నాది ఫొటో స్టూడియో. కొల్లిపర నుంచి రేపల్లె దాకా పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, చావులు, అన్నిటి మొహాలూ నా చేతి మీదుగానే పోతాయి. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట, కొంచెం కలర్ తెమ్మని. ఎందుకు తేవాలి? రోడ్డెక్కితే చీరల షాపు ఫ్లెక్సీ మీద పాలరంగు మొహం. టీవీ పెడితే అదే మొహం. ఫోన్ తీస్తే అదే. ఆ రంగు మనిషి మన చేలల్లో, మన బస్సుల్లో ఒక్కరైనా కనబడతారా? ఎండలో పుట్టి ఎండలో పెరిగినవాళ్ళని పట్టుకుని మీ చర్మమే తప్పు అని పొద్దస్తమానం చెబుతారు, మనం నమ్ముతాం, సిగ్గుపడతాం, ఆ సిగ్గుతో నా స్టూడియో మెట్లెక్కుతాం. నేనూ నల్లటివాణ్ణే. నా పెళ్ళి ఫొటోలో నన్ను నేనే తెల్లగా చేసుకున్నాను. అక్కడితో చేతికి అలవాటైపోయింది. ముందు రంగు, తర్వాత మచ్చలు, తర్వాత ముడతలు. ఎవరూ అడగక్కర్లేదు.

అడగని మనిషి ఒకామె వచ్చింది. రేపల్లెలో టీచరు. వాళ్ళమ్మ పోయింది, చర్చిలో జ్ఞాపకార్థ కూడికకి పెద్ద ఫొటో కావాలంది. ఫోన్ పాడైపోయిందని అందులోని మెమరీ కార్డు తెచ్చింది. ఆ తల్లికి ఉన్నది ఒక్కటే ఫొటో. ఎవరైనా ఫొటో తీస్తుంటే, నల్లదాన్ని నేనెందుకని పక్కకి తప్పుకునేదట. ఒకసారి ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ నవ్వుతుంటే, ఆమెకి తెలియకుండా కూతురు తీసింది. ఇదంతా ఆమె చెబుతూనే ఉంది. నేను ఊఁ కొడుతూ ఇంకెవరిదో ఆల్బమ్ చూసుకుంటున్నాను.

సాయంత్రం ఆ ఫొటోని కాపీ తీసుకోకుండా కార్డులోనే తెరిచాను. తొందర. బాపట్లలో పెళ్ళికి వెళ్ళాలి. రంగు తెచ్చాను, ముడతలు తీశాను, చెంప మీద ఏదో గీత ఉంటే అదీ తుడిచేశాను. సేవ్ కొట్టాను. పాత ఫొటో పోయి, ఆ పేరుతోనే కొత్తది కూర్చుంది. అప్పుడు చూసుకోలేదు.

ఫ్రేము చేతికిస్తే ఆమె దాన్ని గుమ్మం వెలుగులోకి తిప్పి చూసింది.

"ఇది మా అమ్మ కాదండి."

"మీ అమ్మగారేనమ్మా. కొంచెం కలర్ వచ్చింది, అంతే."

"చెంప మీద మచ్చ ఏదండి? వరికోతల్లో కొడవలి తగిలింది. కార్డులో ఉన్నది ఉన్నట్టు వేసివ్వండి, చాలు."

కార్డు పెట్టాను. అందులోనూ అదే తెల్ల మొహం. పాతదాని మీదే సేవ్ కొట్టానని అప్పుడు తెలిసింది. అప్పుడైనా చెప్పొచ్చుగా?

"మీరిచ్చిందే ఇలా ఉందమ్మా," అన్నాను. "ఈ ఫోన్లే మొహాలు తెల్లగా చేసేస్తున్నాయి. తీసేటప్పుడే చూసుకోవాలి."

"ఫోన్లో మచ్చ కనబడేదండి."

"చిన్న స్క్రీన్ కదమ్మా. అలా అనిపిస్తుంది."

ఆమె ఫ్రేముని చీర కొంగుతో తుడిచింది. "అయితే నేనే సరిగ్గా తీయలేదండి," అంది.

నమ్మింది. ఎందుకు నమ్మింది? ఆవిడ నన్ను నాలుగు తిట్టి ఉంటే నిజం కక్కేసేవాణ్ణేమో. లేదు, ఇది కూడా నాకు నేను చెప్పుకునే కబురే. తిట్టినా కక్కేవాణ్ణి కాదు. తర్వాత, ప్రింటు కోసం నా కంప్యూటర్లో మిగిలిన ఆ ఫొటోని మళ్ళీ నల్లగా చేద్దామని కూర్చున్నాను. రంగైతే దింపాను. కొడవలి మచ్చ ఏ చెంప మీద ఉండేదో గుర్తు రాలేదు. కుడి చెంపా, ఎడమ చెంపా? తల్లి మొహాన్ని తుడిచేసినవాడికి అది కూడా తెలియదు.

ఈమధ్య రేపల్లెలో ఓ పెళ్ళికి వెళితే ఆమే గుర్తుపట్టి ఇంట్లోకి పిలిచింది. కాఫీ ఇచ్చింది. గోడ మీద నా ఫ్రేము. ఆమె కూతురు, బడికెళ్ళే పిల్ల, ఫొటో చూపించి, మా అమ్మమ్మ ఎంత తెల్లగా ఉందో చూడండి అంకుల్, నేనొక్కదాన్నే నల్లగా పుట్టాను అంది. అచ్చం నీలాగే ఉండేదే అని వాళ్ళమ్మ ఎన్నిసార్లు చెప్పినా ఆ పిల్ల నమ్మదట. ఎలా నమ్ముతుంది? ఫొటో ఎదురుగా ఉందిగా.

కాఫీ బాగుందమ్మా అని లేచి వచ్చేశాను.

ఫ్లెక్సీల వాళ్ళనీ, క్రీముల వాళ్ళనీ తిట్టుకుంటూ బస్టాండు దాకా నడిచాను. వాళ్ళని తిట్టడం సులువు. ఆ పిల్ల ఇంట్లోకి వాళ్ళు రాలేదు. నేను వెళ్ళాను.

ఇది రాశాక గుండె కొంచెం తేలికైంది. ఆ తేలిక మీద కూడా నాకు కోపంగానే ఉంది, ఎందుకంటే ఆమె ఇంకా తనే ఆ ఫొటో సరిగ్గా తీయలేదని అనుకుంటోంది. ఆమె సరిగ్గానే తీసింది. చెరిపింది నేను.