ఐదు బీడీలకొక ఎత్తు

నేను బి.ఏ. పూర్తి చేసిన సంవత్సరమే చదరంగంలో నా మొదటి పోటీ ఆడాను. అప్పటికి రెండేళ్ళుగా ఆడుతున్నానని చెప్పుకొనేవాడిని గాని, నేను ఆడినదంతా పోస్టుకార్డుల మీద. పూనాలోని ఒక లెక్కల మాస్టారు తన ఎత్తును కార్డుపై వ్రాసి పంపేవారు. అది మరాఠీ ఊళ్ళో తెలుగు నేతవారి వాడ అయిన దాజీ పేటలోని మా ఇంటికి చేరడానికి రెండు రోజులు, జవాబు ఆలోచించడానికి నాకు మూడు రోజులు పట్టేవి. ఆ మూడు రోజులలో వాడలోని పెద్దలందరూ కార్డు చూసి, అడగకపోయినా సలహా చెప్పి వెళ్ళేవారు. పధ్నాలుగు నెలలు సాగిన ఒక ఆటలో నేను గెలిచాను. ఆ గెలుపులో నా భాగమెంతో ఇప్పటికీ తేల్చలేను.

అటువంటి రోజులలో ఊళ్ళోని వకీళ్ళ క్లబ్బు ఎదురెదురుగా కూర్చొని ఆడే పోటీ ఒకటి ప్రకటించింది. పట్టభద్రులకూ గౌరవనీయులైన పౌరులకూ ప్రవేశం ఉందన్నారు. మా వంశంలో మొదటి పట్టభద్రుడిని నేనే. గౌరవనీయతకు సర్టిఫికెట్ అడగలేదు గనుక దరఖాస్తు పంపాను. అనుమతితో పాటు నియమావళి కూడా వచ్చింది. దాని ప్రకారం ఒక్కొక్కరు మొదటి నలభై ఎత్తులను రెండు గంటలలో ముగించాలి. బల్ల మీద రెండు ముఖాల గడియారం ఉంటుంది. ఎత్తు వేసి మన వైపు మీట నొక్కితే మన ముల్లు ఆగి ఎదుటివారి ముల్లు కదులుతుంది. గడువు దగ్గర పడినప్పుడు ఒక చిన్న ఎర్ర జెండా లేస్తుంది. అది పడిపోతే ఆట పోయినట్టే.

ఇదంతా మా తండ్రికి చదివి వినిపించాను. ఆయన మరమగ్గాల కార్ఖానాలో రెండు మగ్గాలు చూసేవారు.

"నలభై ఎత్తులు ఒక్క గంటలనే ఏస్తే?" అన్నారు.

"ఎయ్యొచ్చు బాపూ."

"ఏమన్న ఎక్కువిస్తరా?"

"ఏమియ్యరు."

"లేటయితె మటుకు ఆట గుంజుకుంటరు. మా సేట్ దగ్గర నేర్చుకున్నట్టున్నరు." ఆ తరువాత అసలు సంగతికి వచ్చారు. "రెండేండ్ల సంది గా పలక ముందట కూసుంటున్నవ్. డిగ్రీ అయింది, నౌకరి రాలె. గీ పోటీల ఒక్క ఆట గెల్వు, మల్ల నిన్నేమనను. గెల్వకుంటె గా ముచ్చట బంద్. నాతోని కార్ఖానాకు రా."

మా తండ్రి ఊరికే బెదిరించే మనిషి కారు. నేను ఆ రాత్రే సాధనకు ఒక పట్టిక తయారు చేసుకున్నాను. అందులో కాలం అన్న గడి దగ్గర నా కలం ఆగిపోయింది. మా ఇంట్లో గడియారం లేదు. వాడకంతటికీ మిల్లు భోంగా ఒక్కటే గడియారం. అది పాళీ, అంటే షిఫ్టు, మారినప్పుడల్లా కూస్తుంది. మూడు పాళీల మధ్య నలభై ఎత్తులను పంచడం నాకు తెలిసిన గణితానికి లొంగలేదు.

చివరకు అమ్మ దొరికింది. అమ్మ పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టేది. కాలేజీ మిత్రుని చేతిగడియారం ఒక్క పూటకు అరువు తెచ్చి ఉదయమంతా పరిశీలించాను. ఎత్తుకు మూడు నిమిషాలు, మూడు నిమిషాలకు ఐదు బీడీలు అని తేలింది. మరునాటి నుంచి చదరంగం పలకను అమ్మ ఎదుట పరిచి, రెండు పక్షాలూ నేనే ఆడసాగాను.

"ఆరోది చుడుతున్న కొడుకా. ఇంక గా గుర్రం మొఖమే చూస్తున్నవా?"

"ఒక్క నిమిషం అమ్మా."

"నిమిషాలు నాకెరుక లేదు. బీడీలల్ల చెప్పు."

ఈ పద్ధతిలో ఒక లోపం లేకపోలేదు. బీడీలు కంపెనీకి అప్పజెప్పే వేళ సమీపించేకొద్దీ అమ్మ చేతులు వేగం పుంజుకొనేవి. ఉదయం నేను దూరదృష్టి గల ఆటగాడిని. నాలుగు గంటలకు ఏనుగులను ఉచితంగా ఇచ్చివేసేవాడిని. తునికాకు గట్టిగా ఉండి చుట్ట తిరగని రోజున మాత్రం నాకు కాలం ధారాళంగా లభించేది.

మొదటి ఆట కార్ఖానాకు సెలవు రోజున పడింది. మా తండ్రి కూడా తలపాగా చుట్టుకొని వచ్చి, ప్రేక్షకుల తాడు వెనుక, నా బల్లకు దగ్గరగా నిలబడ్డారు. మధ్యవర్తి ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు. నిశ్శబ్దం పాటించవలెనన్న నియమాన్ని ఆయన హాలు అదిరేటట్టు మూడుసార్లు చదివారు. నా ప్రత్యర్థి ఒక యువ వకీలు.

"దాజీ పేట్ నుంచా?" అని మరాఠీలో అడిగాడు. "అక్కడ కూడా చదరంగం ఆడతారా?"

"పూనా దాకా ఆడతాము" అన్నాను.

మనసులో బీడీలు లెక్కపెట్టుకుంటూ ఆడాను. గడువుకు లోటు రాలేదు గాని, బల్ల మీద నా పరిస్థితి క్రమంగా దిగజారింది. ముప్పై ఏడవ ఎత్తుగా వకీలు తన ఒంటెను జరిపి, ఇక గెలిచినట్టేనన్న ధీమాతో లేచి, మిత్రులతో సిగరెట్టు కాల్చడానికి వరండాలోకి వెళ్ళాడు. మీట నొక్కడం మరచిపోయాడు.

అతని గడియారం నడుస్తూనే ఉంది. ఆ సంగతి అతనికి చెప్పవలసిన బాధ్యత నాకు లేదని నియమావళి చెబుతోంది. నేను నుదుటి మీద చేయి పెట్టుకొని, గాఢంగా ఆలోచిస్తున్నవాడిలాగా కూర్చున్నాను. పది నిమిషాలు గడిచాయి. పదిహేను గడిచాయి. ఎర్ర జెండా లేవడం మొదలుపెట్టింది. అంత అందమైన వస్తువును నేను అంతకు ముందు చూడలేదు.

మా తండ్రి కూడా చూస్తున్నారు. అయితే ఆయన చూస్తున్నది జెండాను కాదు, ఖాళీ కుర్చీని. కార్ఖానాలో ఒక ఆచారం ఉంది. పోగు తెగిన సంగతి తెలియక మగ్గం నడుస్తూపోతే బట్ట పాడవుతుంది. అందువల్ల మనిషి పక్కన లేని మగ్గం, అది ఎవరిదైనా సరే, దగ్గరగా ఉన్నవాడు హ్యాండిల్ లాగి ఆపాలి. ఆపనివాడితో తోటివారు మాట్లాడరు. మా తండ్రి తాడు మీదుగా వంగి, వకీలు వైపు మీటను నొక్కివేశారు.

మధ్యవర్తి పరుగున వచ్చారు. "ఎవరు మీరు? గడియారం ఎందుకు ముట్టుకున్నారు?"

"మనిషి లేడు సాబ్" అన్నారు మా తండ్రి, తనకు వచ్చిన మరాఠీలో. "ఊకనే నడుస్తున్నది. నడవనియ్యాల్నా?"

మధ్యవర్తి నియమావళిని మొదటి నుంచి చివరి దాకా తిరగేశారు. అందులో ఆటగాడి అస్వస్థతకు విధి ఉంది, ముట్టిన పావుకు విధి ఉంది. తండ్రులకు లేదు. చివరకు నా వైపు తిరిగారు. "మీకు అభ్యంతరమైతే చెప్పండి. వారి గడియారం మళ్ళీ నడిపిస్తాను."

వకీలుకు మిగిలినవి మూడు నిమిషాలు. వరండాలో నవ్వులు వినబడుతున్నాయి. నేనొక్క మాట అంటే ఆట నాది, ఆ తరువాతి చదరంగమంతా నాది. మా తండ్రి, పొరుగువాడి బట్టను కాపాడిన మనిషి తృప్తితో, నా పక్కనే నిలబడి ఉన్నారు. పదిహేను నిమిషాలుగా నేను చూస్తూనే ఉన్నానని ఆయన ఎదుట ఒప్పుకొనే ధైర్యం నాకు విశ్వవిద్యాలయం ఇవ్వలేదు.

"అభ్యంతరం లేదు" అన్నాను.

వకీలు తిరిగి వచ్చి, జెండాను చూసి ఉలిక్కిపడి, "ఇంత సమయం ఎటు పోయింది?" అన్నాడు. మధ్యవర్తి నిశ్శబ్దాన్ని పాటించారు. అతను మూడు ఎత్తులు గబగబా వేసి నలభై దాటాడు. నియమం ప్రకారం ఇద్దరికీ మరొక గంట వచ్చింది. యాభై రెండవ ఎత్తులో నేను ఓడిపోయాను.

ఇంటికి నడుస్తుండగా సగం దారిలో మా తండ్రి అడిగారు.

"అది నడుస్తుంటె నువ్వు చూసినవా?"

"చూసిన బాపూ."

"ఎంతసేపటి సంది?"

"ఆయన లేచినప్పటి సంది."

మరొక వీధి గడిచింది. కార్ఖానాలో నాకు ఏ మగ్గం పక్కన చోటు దొరుకుతుందో ఊహించుకుంటున్నాను.

"ఇంకెన్ని ఆటలున్నయ్?"

"ఐదు. దినం పొద్దుమూకినంక ఒకటి."

"ఒక్కటి గెల్వుమన్న. మొదటిదే గెల్వుమన్ననా?" అన్నారు. "నేను మటుకు రాను. వస్తె నా చెయ్యి ఊకుండదు."

తరువాతి రెండు ఆటలూ ఓడిపోయాను. నాలుగవ ఆటలో ఒక పోస్టుమాస్టరు మీద గెలిచి, ఇంటికి పరుగున వచ్చి, గుమ్మంలోనే చెప్పాను. మా తండ్రి అన్నం తింటున్నారు. ముద్ద దించి అడిగారు.

"ఆయన కుర్చీలనే ఉన్నడా?"

"ఉన్నడు బాపూ. ఆఖరుదాంక లేవలె."

"అట్లయితె గెలిచినట్టే" అని, మళ్ళీ ముద్ద కలుపుకున్నారు.