రాయకూడని సమయం

2011. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. ఉద్యోగ విరమణ తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంటి ముందు గదిలో పర్యావరణ వార్తల వెబ్‌సైట్ నడిపేవాడిని. చెరువులు, చెత్త, మిద్దె మీద కూరగాయలు, ఇవే మా వార్తలు. ఎన్నో ఏళ్లుగా డైరీ రాసే అలవాటు వల్ల ప్రతి వార్తలోనూ చోటు, గంట, నిమిషం వేసేవాడిని. నిజాయితీ అంటే అదే అనుకునేవాడిని.

ఎల్బీనగర్‌లో ఒక సందు చివర లోహపు సామాన్లకు పూత వేసే షెడ్డు ఉండేది. అక్కడ ఊడ్చే యాదమ్మ నల్లగొండ వైపు మనిషి. గేటు పక్క గదిలోనే ఆమె కాపురం. యాసిడ్ కలిసిన నీళ్లను కాలువలోకి వదులుతున్నారని ఆమే చెప్పి, సీసాలో పట్టి ఇచ్చింది. పీహెచ్ చూశాను. నీటిలో ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత అది, అంకె తగ్గే కొద్దీ ఆమ్లం ఎక్కువ. ఏడు దగ్గర ఉండాల్సింది మూడు కూడా లేదు. వార్తలో ఆమె పేరు రాయలేదు. "ఉదయం 6.10, వెనుక గేటు పక్క కాలువ" అని మాత్రం రాశాను.

మర్నాడు యాదమ్మ ఫోన్ చేసింది.

"సారూ, పొద్దుగాల ఆరింటికి గేటుకాడ ఎవరుంటరని సేటు అడుగుతున్నడు. గప్పుడు నేను తప్ప ఎవరుంటరు? గా టైం ఎందుకు రాసినవ్?"

పని పోతే ఆమెకు గది కూడా పోతుంది. పేజీ తీసేద్దామంటే కరెంటు లేదు. తీసినా లాభం లేదు, సేటు అప్పటికే చదివాడు. బస్సులూ లేవు. నడిచే బయల్దేరాను.

"అసలే మనది కోస్తా యాస. దారిలో నోరు విప్పకండి," అంది మా ఆవిడ.

కొత్తపేట దగ్గర ధర్నాలోంచి ఒకాయన లేచి నన్ను ఆపాడు.

"పెద్దాయనా, ఎండల ఎటు పోతున్నవ్? జర నీళ్లు తాగి పో."

తాగాను. తలూపాను తప్ప మాట్లాడలేదు.

షెడ్డు గేటు దగ్గర సేటు నిలబడి ఉన్నాడు. ఎదురుగా చీపురుతో యాదమ్మ.

"ఆ నీళ్లు పట్టింది నేనండీ. బయట నుంచే పట్టాను," అన్నాను.

"పొద్దుగాల ఆరింటికి ఒచ్చినవా, గీ వయసుల?" సేటు నమ్మలేదు. యాదమ్మ వైపు తిరిగాడు. "నువ్వు చూసినవా?"

"ఎవరో ముసలాయన కాల్వల సీసా ముంచుతుంటే చూసిన సేటూ. పిచ్చోడనుకున్న."

సేటు నన్ను పైనుంచి కిందికి చూశాడు. తడిసిన చొక్కా, దుమ్ము కొట్టుకున్న కాళ్లు. ఆ మాటకు సరిపోయినట్టే ఉన్నాను.

"మల్ల ఈడ కనపడితే బాగుండదు," అని లోపలికి వెళ్లాడు.

క్షమాపణ చెప్పబోయాను. యాదమ్మ ఊడుస్తూనే, తల ఎత్తకుండా అంది: "జెల్ది పో సారూ. ఇంక నాకు ఫోన్ చేయకు."

చేయలేదు. పేరు దాస్తే మనిషిని దాచినట్టే అనుకున్నాను. మనిషిని పట్టివ్వడానికి ఆమె పనిచేసే గంట చాలునని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఏ వార్తనైనా సమాచారం ఇచ్చినవారికే ముందు చదివి వినిపించాను. వాళ్లు వద్దన్నది కొట్టేశాకే పెట్టాను.

ఆ కాలువలోకి యాసిడ్ నీళ్లు రావడం ఆగిందో లేదో నాకు తెలియదు. తెలిసిన మనిషిని అడిగే హక్కు పోగొట్టుకున్నాను.