పులిహోరలో ఇంగువ

యాంగోన్‌లో ఓ యూదు పెద్దావిడ ఇంట్లో నేనూ, మా తోటికోడలూ వంట చేస్తాం. వాళ్ల పస్కా పండగ వారంలో, పులియని రొట్టెల్లో తప్ప గోధుమ అన్నది వంటింట్లో ఉండకూడదు. అందుకే బియ్యంలో గోధుమగింజ లేకుండా ఏరాలి. కిందటేడు ఆ పని తోటికోడలికి ఇచ్చి, "నీ చూపు చురుకు" అని పెద్దావిడ మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండింది. నా పనితనమేమిటో చూపిద్దామని ఆ బియ్యంతోనే ఘుమఘుమలాడే పులిహోర కలిపాను. పెద్దావిడ చెంచా నోటి దాకా తీసుకెళ్లిందో లేదో, తోటికోడలు గబుక్కున ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఇంగువేసినావేటి? అందులో గోదుమపిండి కలుపుతారు కదేటి!"

డబ్బా మీద అలాగే రాసి ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. పండగకని కొన్న కొత్త గిన్నెతో సహా పులిహోర మా ఇంటికొచ్చేసింది.

"శానా బాగుందక్కా" అంటూ తోటికోడలు మారు వడ్డించుకుంది. తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. మెప్పూ దానికే, నా పులిహోరా దానికే!