పోత ఇనుము మీద నీళ్లు

మోటారు చక్రమంతా ఒకే ఇనుము అనుకునేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రబ్బరు టైరు కూర్చునే బయటి వలయం ఉక్కు. దెబ్బ తగిలితే సొట్టపోతుంది గానీ విరగదు. నడుమ ఇరుసు దూరే గుండు మాత్రం, ఆ రోజుల్లో మా బాటన తిరిగిన బస్సులో, పోత ఇనుముతో చేసింది. కరిగించి అచ్చులో పోసిన ఇనుమది. బరువు ఎంతైనా మోస్తుంది. కాకమీద ఉన్నప్పుడు చన్నీళ్లు తగిలాయా, గాజుగ్లాసులా చిట్లుతుంది. ఈ సంగతి నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. నా చెల్లెల్ని పోగొట్టుకుని తెలుసుకున్నాను.

మాది రాయచోటి నుంచి కడపకు పోయే బాట మీద, కనుమకు ఇవతల ఒక ఊరు. మా ఆయనది కమ్మరం. కొలిమి దగ్గర తిత్తి ఊదేది నేను. ఎద్దులబండి చక్రాలకు ఇనుప పట్టా తొడగడంలో ఆయనకు చుట్టుపక్కల సాటి లేరు. పిడకల మంటలో పట్టాను ఎర్రగా కాల్చి, పటకార్లతో ఎత్తి కొయ్య చక్రం మీదికి దించుతారు. గుప్పుమని పొగ లేస్తుంది. వెంటనే నీళ్లు పోయాలి. పోస్తే పట్టా బిగుసుకుంటుంది, కొయ్య కాలకుండా దక్కుతుంది. ఆ నీళ్లు ఇంటి ఆడదే పోయాలని మా అత్తగారింటి ఆనవాయితీ. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఎన్ని చక్రాలకు పోశానో లెక్కలేదు. పట్టా దిగిందంటే చాలు, నా చెయ్యి దానంతటదే కడవ మీదికి పోయేది.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సు వెనక పెద్ద పీపా బిగించి, బొగ్గు కాల్చి, ఆ గ్యాసుతో నడిపేవాళ్లు. కొత్త సామాన్లు రావడం ఎప్పుడో మానేశాయి. రోజుకు ఒకటే బస్సు, అదీ ముక్కుతూ మూలుగుతూ వచ్చేది. ఒక సాయంత్రం అది మా కొలిమి ముందుకొచ్చి ఆగిపోయింది. ముందు చక్రం గుండు నెర్రె విచ్చింది. గుండు చుట్టూ ఒక పట్టా బిగిస్తే కడప దాకా లాగుతుందేమో, తెల్లారి చూద్దామని మా ఆయన డ్రైవరుకు చెప్పాడు.

నా చెల్లెలు తొలి కానుపుకు మా అమ్మ ఇంటికి వచ్చి ఉంది. అమ్మ ఇల్లు మా వెనక వీధిలోనే. చెల్లెలి మొగుడు పటాలంలో చేరి ఏ దేశంలో ఉన్నాడో కూడా తెలియదు. ఆమెకు నొప్పులు మొదలై అప్పటికి రెండో రోజు. బస్సు ఆగిన మర్నాడు పొద్దున్నే మంత్రసాని చేతులెత్తేసింది. బిడ్డ అడ్డం తిరిగిందని, కడపలో దొరసాని డాక్టరు దగ్గరికి చేరిస్తే తప్ప తల్లి కూడా దక్కదని చెప్పింది. అమ్మ ఆ క్షణమే ఎద్దులబండి కట్టించింది.

బండిలో కనుమ దాటి కడప చేరాలంటే ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. బస్సులో పూట కూడా పట్టదు. నేనే పోయి అమ్మకు అడ్డం పడ్డాను.

"బండి వద్దమ్మా. మీ అల్లుడు చక్రం చేస్తాండాడు. బస్సు కదిలిందంటే నీ ఎద్దులను ఎప్పుడో దాటేసి పోతాది" అన్నాను. మొగుడి పనితనం మీద నాకు అంత గర్వం. అమ్మ కాసేపు నా మొహంలోకి చూసి, కట్టిన ఎద్దులను విప్పించింది.

నేను కొలిమి దగ్గరికి వచ్చేసరికి ఆయన గుండును బొగ్గుల్లో కాకబెట్టి ఉంచాడు. నేను తిత్తి ఊదాను. ఎర్రగా కాలిన పట్టాను ఆయన గుండు మీద దించాడు. అతికినట్టు దిగింది. నేను కడవ ఎత్తాను.

"పోయొద్దు మే" అన్నాడు. "ఇది మన బండి ఇనుము కాదు, పోత. బూడిదలో కప్పి పెడతా. దానంతటదే సల్లారాల."

ఎంతసేపని అడిగాను. మధ్యాహ్నం దాకా అన్నాడు. డోన్‌లో రైలు షెడ్డులో పనిచేసి వచ్చిన మనిషి ఒకడు ఎప్పుడో ఆయనకు ఆ మాట చెప్పాడట. ఎవడో చెప్పిన మాటకు నా చెల్లెలు మధ్యాహ్నం దాకా ఆగాలా అని నాకు మండిపోయింది. వెనక వీధి నుంచి ఆమె కేక వినబడుతూనే ఉంది. తెల్లవారుజామున ఉన్న బలం ఆ కేకలో లేదు. ఆయన బూడిద తట్ట కోసం లోపలికి పోయాడు. నేను కడవెడు నీళ్లూ గుమ్మరించేశాను.

బుస్సుమని ఆవిరి కమ్ముకుంది. ఆ ఆవిరిలో ఎక్కడో టిక్కుమని చిన్న చప్పుడైంది.

ఆయన తట్టతో వచ్చి తడి నేలను చూశాడు. గుండును సుత్తితో అక్కడా ఇక్కడా తట్టి, చెవి ఒగ్గి మోత విన్నాడు. కంటికి ఏమీ కనబడలేదు. ఏమీ కాలేదు కదా అన్నాను. ఆయన గుండును చక్రానికి బిగించాడు. చక్రం ఎక్కించాక, గుంతల్లో మెల్లగా పొమ్మని డ్రైవరుకు చెప్పి తానూ బస్సెక్కాడు.

చెల్లెల్ని దుప్పటిలో మోసుకొచ్చి వెనక బల్ల మీద పడుకోబెట్టాం. తల అమ్మ ఒడిలో. కాళ్ల దగ్గర నేను. కనుమ మొదలయ్యే చోట ఆమె కళ్లు తెరిచి, "ఇంగెంత దూరముండాది అక్కా?" అంది. శానా దూరం వచ్చేసినామని అబద్ధం చెప్పాను. మరి రెండు మలుపులు తిరిగామో లేదో, ఫెడీమని శబ్దం వచ్చి బస్సు కొండవైపు ఒరిగిపోయింది.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. దేవుడి దయ అని బస్సులోని ఒక పెద్దాయన దండం పెట్టుకున్నాడు. నాకు ఆయన్ని చెంపమీద కొట్టాలనిపించింది. దిగి చూస్తే ఉక్కు వలయం అలాగే ఉంది, మా ఆయన తొడిగిన పట్టా అలాగే ఉంది. పాత నెర్రె కూడా పట్టా కింద కదల్లేదు. గుండు విరిగింది దానికి అవతల, నేను నీళ్లు పోసిన వైపు.

మా ఆయన బండి కోసం కిందికి పరుగెత్తాడు. మేము చెల్లెల్ని దించి బండరాయి నీడన పడుకోబెట్టాం. ఆ బాటన మరో బండి రాలేదు. నీడ జరిగిన కొద్దీ ఆమెను జరుపుతూ వచ్చాం. ఆయన బండితో వచ్చేసరికి పొద్దు వాలింది. అప్పటికి చెల్లెలు లేదు. బిడ్డ ఈ లోకం చూడనే లేదు.

అమ్మ లేచి పోయి అల్లుడి ముందు నిలబడింది. "ఏం నాయనా, నువ్వు చేసిన చక్రం ఎట్ల పగిలె?" అని అడిగింది.

నేను నోరు తెరిచాను. తెరిచాననే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆయనే ముందు మాట్లాడాడు.

"తొందరపడి నీళ్లు పోస్తి అత్తా. పోయగూడదని తెలిసీ పోస్తి."

అమ్మ వంగి, గుప్పెడు మన్ను తీసి ఆయన మొహాన కొట్టింది.

ఆమె బతికినన్నాళ్లూ మా గడప తొక్కలేదు. ఆయన వీధిలో ఎదురైతే పక్కకు తిరిగి నిలబడేది. మరదల్ని చంపుకున్న కమ్మరి అని ఊరు పేరు పెట్టింది. బండి పనులు కూడా పక్క ఊరికి పోయాయి. ఆయన ఒక్కనాడూ అదేమని నన్ను అడగలేదు. అమ్మకు చేతకాకుండా అయ్యాక రోజూ కూడు నేనే తీసుకుపోయేదాన్ని. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు అమ్మ, "ఆ పాపిష్టోడి చేతులు పడిపోను" అనేది. నేను చెంబుతో నీళ్లు పక్కన పెట్టి, అవునమ్మా అనేదాన్ని.