కొండ మారిన నత్త

ఆ ప్రొఫెసరు మీద కసి తీర్చుకున్నాను. అయినా తీరలేదు.

ఆయన మద్రాసు కాలేజీ నుంచి వచ్చాడు. తెల్లదొర కాదు, మనవాడే. టోపీ మాత్రం దొరది. గిద్దలూరులో రైలు దిగి, నల్లమల కొండల మీది నత్తలు ఏరాలన్నాడు. మా ఇంట్లో అందరూ కూలికి పోయేవాళ్ళే. పాదిరిగారు పారేసిన పుస్తకాలతో నేనొక్కణ్ణే ఇంగ్లీషు కూడబలుక్కున్నాను. అందుకని డబ్బాల మీద చీటీలు రాసే పని నాకు దొరికింది. దారి చూపడానికి ఒక చెంచు మామ వచ్చాడు. ఆయన అడవితేనె తీసి బతికేవాడు.

తూర్పు కొండ నెత్తిన చల్లటి రాతిపగుళ్ళలో ఉండే నత్తకు చిప్ప మీద తెల్లచార ఉండేది. పడమటి కొండ నత్తకు చార లేదు. మధ్యలోయ ఎండకు పెనంలా కాలేది. అక్కడ వెతికితే ఒక్కటీ లేదు. ఇదంతా మామ చూపిందే.

"ఇవి ఒకే తల్లి బిడ్డలు అల్లుడా. వేరుపడి చెరో కొండ ఎక్కినాయి. రాకపోకలు లేవు, పెళ్ళిళ్ళు లేవు. మొహాలు మారిపోయినాయి."

భూమి ఒకప్పుడు చాలాకాలం చల్లబడిందనీ, ఉత్తరదేశాల్లో మంచు మేటలు వేసిందనీ, ఆ తర్వాత వేడెక్కిందనీ నా చిరుగుల పుస్తకాల్లో చదివి ఉన్నాను. మామ మాటకు దాన్ని జతచేసి చూశాను. ఆ చలికాలాల్లో ఈ నత్తల పెద్దలు లోయంతా తిరిగి ఉంటాయి. వేడి పెరిగేకొద్దీ చల్లదనం వెంట పైకి పాకి, శిఖరం చేరి అక్కడే ఖైదయిపోయాయి. పైన ఆకాశం, కింద నిప్పులు. ఎక్కడివక్కడే ఉండి తరతరాలకు వేరే జాతులైపోయాయి.

ప్రొఫెసరుకు చెబితే నవ్వాడు. "నత్తలకు వంశచరిత్ర కడుతున్నావా? గొర్రెల కాపరుల వెంట కొండ మారి ఉంటాయి. నువ్వు చీటీలు రాయవోయ్."

మూడో రోజు తూర్పు కొండ చరియ పగుల్లో పెద్ద నత్తలు కనిపించాయి. తాడు కట్టుకుని దిగాలి. మామ కదల్లేదు.

"మా బావమరిది పెళ్ళికి పోయినాడు సారూ. రెండు దినాలు ఆగు. నా తాడు వాడే పట్టాల."

"వాడే ఎందుకు?"

"వాళ్ళక్క తాళి గదా సారూ నా నడుముకుండేది. వాడు వదలడు."

"నాకు రేపు రైలు. ఎవడు పట్టుకుంటే ఏం? ఫారెస్టు వాళ్ళతో చెప్పి నీ తేనె మాన్పించమంటావా?"

మామ తాడు కట్టుకున్నాడు. పైన ప్రొఫెసరుగారి బంట్రోతు పట్టుకున్నాడు. నేను దూరంగా చీటీలు రాస్తున్నాను. ఎండ చురుక్కుమనగానే ప్రొఫెసరు "ఒరే, గొడుగు" అన్నాడు. బంట్రోతు అలవాటుకొద్దీ ఒక చెయ్యి వదిలాడు.

మామ కింది బండ మీద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. నడుముకు కట్టుకున్న డబ్బా మాత్రం సొట్టపడలేదు. ప్రొఫెసరు ముందుగా విప్పింది దాన్నే.

ఆ సాయంత్రం మేం దిగిన ఫారెస్టు బంగళాలో తూర్పు కొండ డబ్బాలకు పడమటి చీటీలు, పడమటి వాటికి తూర్పు చీటీలు అతికించాను.

కొన్నేళ్ళకు ఆయన అచ్చు వేయించిన పుస్తకం ఆ బంగళాకే వచ్చింది. నేను చెప్పిన చలికాలం కథ మొత్తం అందులో ఉంది, తన బుర్రలో పుట్టినట్టు. మామ ఊసే లేదు. చార నత్త మాత్రం పడమటి కొండ మీద కూర్చుంది. పరుగున పోయి మామకు చెప్పాను. ఆయన వంకరకాలు చాపుకుని వెదురు చీలుస్తున్నాడు.

"నీ కాలికి బదులు తీర్చినా మామా! ఎవడన్నా వచ్చి చూసినాడంటే ఆయన పరువు గంగపాలే."

"ఎవడొస్తాడు రా ఈడికి?" మామ కత్తి కింద పెట్టాడు. "నా కాలు ఆయన విరగ్గొట్టె. నత్తలేం చేసినాయి నిన్ను? ఎన్ని కాలాలు మారినా కొండను పట్టుకోనుండె. ఒక్క చీటీతో దాని ఇల్లు మారిస్తివే!"

"నీ పేరు కూడా రాయలేదు మామా వాడు."

"నువ్వు రాస్తివా?"



కొన్నాళ్ళకు మామ చనిపోయాడు. రైలు పట్టాల కింద వేసే దుంగల కోసం తూర్పు కొండ మీది చెట్లు కొట్టేశారు. ఆఖరుసారి ఎక్కినప్పుడు రాతిపగుళ్ళలో తడి లేదు. చార ఆనవాలు కూడా లేకుండా తెల్లబడిన ఖాళీ చిప్పలే ఉన్నాయి. ఆ పైకి పాకుదామంటే కొండ లేదు. ప్రొఫెసరు పుస్తకంలోది తప్పని చూపడానికి ఇప్పుడు సాక్ష్యమూ లేదు. ఇన్నాళ్ళూ చీటీల సంగతి దాచి నేనే వాణ్ణి కాపాడినట్టయింది. ఆ మంటే నన్ను నిద్రపోనివ్వదు.

అందుకే రాస్తున్నాను. చార నత్తది తూర్పు కొండ. చీటీలు మార్చింది నేను. వేరుపడిన సంగతి ముందు చెప్పింది తేనె తీసే మామ. ఆ పుస్తకం ఎవరి దగ్గరున్నా దిద్దుకోండి. ప్రొఫెసరు పరువు పోతుందంటారా? పోవాలి. నాకు అదీ కావాలి.